పాత కంప్యూటరులు, పాత పంతములు

మనుష్యులు తాము వాడుకొను వస్తువులపై మమకారము పెంచుకొనుట లోకసహజము. తమ యెడ్ల జతయే మేలైనదని పందెములు కాయువారును, తమ సైకిలు పేరే గొప్పదని వాదులాడువారును పూర్వము ప్రతి గ్రామమునను ఉండిరి. నేడు మా పాఠశాల బాలబాలికలు విరామ సమయమున గుంపులుగా చేరి, ఆండ్రాయిడు గొప్పదా, ఐఫోను గొప్పదా యని కంఠములు చించుకొనుచుండగా మేము పలుమారులు వింటిమి. వారిలో పెక్కుమందికి ఆ రెండింటిలో ఏదియు సొంతముగా లేదు. అయినను వాదమున వేడి తగ్గదు. అది విన్నప్పుడెల్ల మా చిన్ననాటి పంతములు మాకు జ్ఞప్తికి వచ్చుచుండును. అవి కంప్యూటరును నడిపించు వ్యవస్థలను గూర్చిన పంతములు. వాని చరిత్రను, అందుండి మాకు బోధపడిన యొక విషయమును ఈ సంచికలో విన్నవింపదలచితిమి.

ముందుగా చిన్న తరగతులవారికై యొక మాట. కంప్యూటరు తనంతట తాను ఏ పనియు చేయజాలదు. కీబోర్డుపై నొక్కిన అక్షరమును తెరపైకి తెచ్చుట, డిస్కుపై నున్న సమాచారమును వెదకి యిచ్చుట, ఏ ప్రోగ్రాము ఎప్పుడు నడువవలెనో నిర్ణయించుట, ఈ పనులన్నియు చేయు మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టము అందురు. పాఠశాలకు ప్రధానోపాధ్యాయుని కార్యాలయ మెట్టిదో, కంప్యూటరునకు ఇది యట్టిది. పాఠము చెప్పువాడు ఉపాధ్యాయుడే. కాని ఏ తరగతి ఏ గదిలో కూర్చుండవలెనో, గంట ఎప్పుడు మ్రోగవలెనో కార్యాలయము నిర్ణయింపనిచో పాఠమే సాగదు.

మేము పదవ తరగతి ముగించిన 1995వ సంవత్సరమున మా పట్టణములో ఒక చిన్న కంప్యూటరు శిక్షణాలయ ముండెను. గుమ్మము వెలుపల చెప్పులు విడిచి లోనికి పోవలెను. ధూళి సోకినచో యంత్రము చెడునని భయము. ప్రతి కంప్యూటరునకును గుడ్డ ముసుగు ఉండెడిది. ఒకరు కీలు నొక్కుచుండ ఇద్దరు వెనుక నిలిచి తమ వంతునకై ఎదురు చూచెడివారు. అందలి పాత యంత్రములలో హార్డు డిస్కు లేదు. ముందుగా డాస్ వ్యవస్థ గల ఫ్లాపీని పెట్టి మీట నొక్కగా, అది గరగర ధ్వని చేయుచు తిరుగును. కొంతసేపటికి నల్లని తెరపై ఆకుపచ్చని అక్షరములు వెలయును. పిదప దానిని తీసి, వర్డ్‌స్టార్ గల వేరొక ఫ్లాపీని పెట్టవలెను. అయిదుంబావు అంగుళముల ఆ పలుచని చతురస్రమున పట్టునది 360 కిలోబైట్ల సమాచారము మాత్రమే. నేటి చేతిఫోను తీయు ఛాయాచిత్రము ఒక్కటియైనను సాధారణముగా దానిలో పట్టదు.

అచ్చటి మాస్టారు ఏబది యేండ్లకు సమీపించినవారు. డాస్ ఆజ్ఞలను మాచేత ఎక్కములవలె వల్లె వేయించెడివారు. ఒక్క యక్షరము తప్పినను యంత్రము "బ్యాడ్ కమాండ్" అని గద్దించును. వెనుకనుండి మాస్టారును గద్దింతురు. ఫైలు పేరునకు ఎనిమిది అక్షరములకు మించి చోటు లేని కాలమది. ఆ ఎనిమిదింటిలోనే అర్థము తెలియునట్లు పేరు పెట్టవలెననియు, ఏ పనికైనను రెండవ ఫ్లాపీలో నకలు ఉంచవలెననియు వారి నియమము. "నాయనా, నకలు లేని పని నీటిమీది వ్రాత" అనెడివారు.

1995 ఆగస్టు 24వ తేదీన అమెరికాలో విండోస్ 95 విడుదలయ్యెను. మరుసటి యేడు అది మా పట్టణమునకును వచ్చెను. తెరపై చిన్న చిన్న బొమ్మలు వరుసగా నిలిచి యుండగా, మౌసుతో నొక్కిన చాలును, పని జరుగును. మాస్టారు దానిని చూచి, "ఇది కంప్యూటరా, సంక్రాంతి బొమ్మల కొలువా?" అని చప్పరించిరి. అప్పుడు మేమందరము నవ్వితిమి. కాని మాస్టారు సర్వస్వమని నమ్మిన డాస్ సైతము ఒకనాడు పాతదానిని త్రోసి వచ్చిన క్రొత్త బొమ్మయే. ఆ సంగతి మేము పిమ్మట చదివి తెలిసికొంటిమి.

డాస్‌కు పూర్వము సి.పి.ఎం. అను వ్యవస్థ యుండెను. ఈ పేరు విని రాజకీయ పక్షమని భ్రమపడవలదు. దానిని 1974వ సంవత్సరమున కాలిఫోర్నియాలో గారీ కిల్డాల్ అను విద్వాంసుడు రచించెను. ఆయనయు మావలె ఉపాధ్యాయుడే. మాంటరే నగరమందలి నౌకాదళ విద్యాలయమున కంప్యూటరు శాస్త్రము బోధించెను. యంత్రమును బట్టి మారవలసిన భాగమును ఆయన తన వ్యవస్థనుండి వేరుచేసి, దానికి బయాస్ అని పేరిడెను. ఆ చిన్న భాగమును మాత్రము మార్చుకొన్నచో, మిగిలిన వ్యవస్థయు, దానిపై నడచు ప్రోగ్రాములును వేరొక సంస్థవారి యంత్రముపై గూడ పనిచేయును. ఒకరు వ్రాసిన ప్రోగ్రాము పలువురి యంత్రములపై నడుచుటకు దారి తీసినది ఈ యోచనయే.

1980వ సంవత్సరమున ఐ.బి.ఎం. సంస్థ తన క్రొత్త చిన్న కంప్యూటరునకు వ్యవస్థను వెదకుచు కిల్డాల్ సంస్థకు మనుష్యులను పంపెను. బేరము కుదురలేదు. ఆ దినమున కిల్డాల్ విమానవిహారమునకు పోయి, ఇంటికి వచ్చిన భాగ్యమును కాలదన్నుకొనెనను కథ నేటికిని ప్రచారములో నున్నది. ఆయన విమానము నడుపువాడగుట నిజమే; ఆ దినమున విమాన మెక్కుటయు నిజమే. కాని పోయినది వినోదమునకు గాదు, వ్యాపారకార్యమునకు. ఐ.బి.ఎం. వారు ముందుగా సంతకము కోరిన రహస్యరక్షణ పత్రమునకు, సంస్థ వ్యవహారములు చూచుచుండిన ఆయన భార్య వెంటనే సమ్మతింపలేదు. చిక్కు అచ్చట మొదలయ్యెను. ఓడినవానిపై కథ కట్టుట లోకమునకు సులభము; విచారించుట కష్టము.

ఐ.బి.ఎం. వారు మైక్రోసాఫ్టును ఆశ్రయించిరి. మైక్రోసాఫ్టు చేతిలో తగిన వ్యవస్థ లేదు. సియాటిల్ నగరమున టిమ్ ప్యాటర్సన్ అను యువకుడు 1980లో రచించిన యొక వ్యవస్థను సంపాదించి, 1981 జూలైలో 50,000 డాలర్లకు సర్వహక్కులను కొనెను. సి.పి.ఎం. ప్రోగ్రాములను సులభముగా మార్చుకొనుటకు వీలుగా, ఆ వ్యవస్థ సి.పి.ఎం. పద్ధతులనే అనుసరించి రచింపబడినది. 1981 ఆగస్టు 12న ఐ.బి.ఎం. కంప్యూటరు వెలువడెను. డాస్ వెల 40 డాలర్లు. పిమ్మట వచ్చిన సి.పి.ఎం. వెల 240 డాలర్లు. కొనువారు దేనిని కొనిరో వేరుగా చెప్పనక్కరలేదు. ఇతర యంత్రకర్తలకును డాస్‌ను అమ్ముకొను హక్కును మైక్రోసాఫ్టు తనకే ఉంచుకొనెను గాన, ఆ కంప్యూటరును పోలిన యంత్రములు ఎన్ని పుట్టినను లాభము దానిదే యయ్యెను.

కిల్డాల్ 1994వ సంవత్సరమున 52వ యేట మరణించెను. అయినను నేడు విండోస్ కంప్యూటరు తెరచి చూడుడు. డిస్కునకు ఇప్పటికిని 'సి' అనియే పేరు. 'ఏ', 'బి' అనునవి ఫ్లాపీలకు చెందిన పేర్లు. అక్షరములతో డిస్కులకు పేరిడు ఈ పద్ధతి సి.పి.ఎం. నుండి డాస్‌కును, డాస్ నుండి విండోస్‌కును వచ్చినది. ఓడిన వ్యవస్థ గెలిచిన వ్యవస్థలో నిలిచియున్నది.

బొమ్మల కొలువు కథయు నిట్టిదే. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున పండితసభ యెదుట మౌసును ప్రదర్శించెను. 1973లో జిరాక్సు సంస్థ పరిశోధకులు ఆల్టో అను కంప్యూటరున బొమ్మల తెరను నిర్మించిరి. 1979లో దానిని చూచిపోయిన ఆపిల్ సంస్థవారు 1984 జనవరి 24న మాకింటోషును లోకమునకు చూపిరి. మైక్రోసాఫ్టువారు 1985లో మొదటి విండోస్‌ను తెచ్చిరి. 1988లో ఆపిల్, తన సొత్తును అనుకరించినదని మైక్రోసాఫ్టుపై దావా వేసెను. 1989లో జిరాక్సు, అది అసలు మా సొత్తేయని ఆపిల్‌పై దావా వేసెను! రెండు దావాలును నెగ్గలేదు.

ఈ పంతము ఎంత దూరము పోయెననగా, ఇటలీ రచయిత ఉంబెర్టో ఎకో 1994లో ఒక వారపత్రికలో హాస్యముగా వ్రాయుచు, మాకింటోషు కాథలిక్కు అనియు, డాస్ ప్రొటెస్టెంటు అనియు వర్ణించెను. మొదటిది భక్తుని చేయిపట్టి మెట్టుమెట్టుగా నడిపించునట. రెండవది గ్రంథమును చేతికిచ్చి, అర్థము నీవే తెలిసికొమ్మని విడుచునట. విండోస్‌ను ఆంగ్లికను సంఘముతో పోల్చెను. మేము మిషను పాఠశాలవారము గనుక ఈ పోలిక మాకు మరింత నవ్వు పుట్టించినది.

మరల మా మాస్టారి కడకు వత్తము. రెండేండ్లలో డాస్ నేర్చుకొన వచ్చువారే కరవైరి. అందరును విండోస్ కావలెననిరి. ఒక సాయంకాలము మేము శిక్షణాలయమునకు పోవునప్పటికి, మాస్టారు పదునారేండ్ల పిల్లవాని ప్రక్కన కూర్చుండి మౌసు నడుపుట నేర్చుకొనుచుండిరి. వారి చేయి వణకుచుండెను. తెరపై బాణము చెప్పిన చోట నిలువదు. పిల్లవాడు నవ్వు ఆపుకొనుచుండెను. మాస్టారు మాత్రము సిగ్గుపడక, "మరల చూపుము నాయనా" అనిరి. పదునైదేండ్ల విద్య యేడాదిలో పాతబడినవాని మనస్సు ఎట్లుండునో ఆనాడు మాకు తెలియలేదు. నలువది దాటిన తరువాత, మా తరగతిలోని పిల్లలే మాకు క్రొత్త పరికరములు చూపించుచుండగా ఇప్పుడు తెలియుచున్నది.

2002 ప్రాంతమున ఉపాధ్యాయ శిక్షణ కళాశాల వసతిగృహములో మాకు మరియొక పంతము తగిలెను. మాది డాస్ పక్షము, ఒక మిత్రునిది విండోస్, మరియొకనిది లినక్సు. ఫిన్లాండు దేశమున లైనస్ టోర్వాల్డ్స్ అను ఇరువదియొక్క యేండ్ల విద్యార్థి 1991లో ఆరంభించి, ఎల్లరకును ఉచితముగా పంచిపెట్టినది లినక్సు. ఒకనాటి రాత్రి వాదము ముదిరి మా మువ్వురకు రెండు దినములు మాటలు లేకపోయెను. మూడవనాడు పరీక్షకు నోట్సు కావలసివచ్చి మరల కలిసితిమి. నేడు మా పిల్లలు పొగడు ఆండ్రాయిడు లోపల నున్నది ఆ లినక్సే.

మేమిట్లు పోరాడుచుండగా, అసలు పోటీదారులు ఏమి చేయుచుండిరి? 1997 ఆగస్టులో బోస్టన్ నగరపు సభలో, ఆపిల్ నాయకుడు స్టీవ్ జాబ్స్ మైక్రోసాఫ్టునుండి 15 కోట్ల డాలర్ల పెట్టుబడిని స్వీకరించుచున్నట్లు ప్రకటించెను. పెద్ద తెరపై బిల్ గేట్స్ ముఖము కనబడగానే సభలో కొందరు గేలిచేసిరి. ఆపిల్ గెలువవలెనన్న మైక్రోసాఫ్టు ఓడవలెనను తలంపును విడువవలెనని జాబ్స్ వారికి హితవు చెప్పెను. మైక్రోసాఫ్టు అధిపతి స్టీవ్ బామర్ 2001లో లినక్సును క్యాన్సరుతో పోల్చెను. ఆయన తరువాత 2014లో అధిపతియైన మన హైదరాబాదు వాస్తవ్యుడు సత్య నాదెళ్ల, ఆ యేడే లినక్సుపై తమ సంస్థకు గల ప్రేమను బహిరంగముగా చాటెను. 2016లో విండోస్ లోపలనే లినక్సు నడుచుటకు ఏర్పాటు జరిగెను.

అన్నిటికంటెను మా హృదయమును కదిలించిన సంగతి వేరొకటి కలదు. ఆపిల్, మైక్రోసాఫ్టు సంస్థలు న్యాయస్థానమున పోరాడుచుండిన ఆ సంవత్సరములలోనే, వాని యింజనీర్లును, జిరాక్సు, ఐ.బి.ఎం. మున్నగు సంస్థలవారును ఒక్క బల్ల చుట్టును కూర్చుండి, లోకమందలి లిపులన్నిటికిని సంఖ్యలు కేటాయించు యూనికోడ్ అను ఏర్పాటును రూపొందించిరి. 1991లో వెలువడిన మొదటి ప్రతిలోనే మన తెలుగునకు చోటు దొరికెను. మన దేశమున అంతకు ముందే సిద్ధమైన ఇస్కీ వరుసయే దానికి ఆధారము. నాటినుండి 'అ' అక్షరమునకు 3077 అను సంఖ్య. విండోస్ అయినను, మాకింటోషు అయినను, లినక్సు అయినను, పల్లెటూరి బాలుని చేతిఫోను అయినను ఆ సంఖ్యకు 'అ' అనియే చదువును. ఎవరు గెలిచిరని కేకలు వేయుచుండిన కాలమున, మన అక్షరమునకు అన్ని యిండ్లలోను చోటు చూపినవారు ఆ పోటీదారులే.

కావున విద్యార్థులారా, మీకు నచ్చిన పరికరమును ప్రేమింపుడు, వాదింపుడు, తప్పు లేదు. కాని దాని లోపల ఎవరెవరి శ్రమ దాగియున్నదో విచారింపుడు. ఓడినవానిని గూర్చి నవ్వు పుట్టించు కథ వినబడినప్పుడు, అది నిజమా యని యొక్కసారి అడుగుడు. మీరిప్పుడు నేర్చు పరికరములు మీ పిల్లలకు వింతలగును. ఆనాడు మా మాస్టారివలె కూర్చుండి, "మరల చూపుము" అని యడుగుటకు సిగ్గుపడవలదు. డాస్ ఆజ్ఞలు నేడు మాకు కూడు పెట్టుట లేదు. పనికి తగిన పేరు పెట్టుట, ప్రతిదానికి నకలు ఉంచుట, తప్పినచో మరల మొదలిడుట, వారు నేర్పిన ఈ మూడును మాత్రము ఏ వ్యవస్థ వచ్చినను మాకు పాతబడలేదు.