రాతి తొట్టి దగ్గర

రాయల్పాడు నుంచి మదనపల్లె వైపు పోయే దారిలో, గుట్టల పాదానికి ఆనుకుని మా అక్కకు నాలుగెకరాల మామిడి తోట ఉంది. తోటలో మోటారు గది, దాని పక్కన మా బావగారి తండ్రి కాలం నాటి రాతి తొట్టి. ఒకప్పుడు ఎద్దులు నీళ్ళు తాగేవి. ఎద్దులు పోయాయి, బావగారూ పోయారు, తొట్టి మిగిలింది.

2023లో వానలు మొహం చాటేశాయి. కర్ణాటకలో 236 తాలూకాలుంటే 223 కరువు తాలూకాలని ప్రభుత్వమే ప్రకటించింది. మరుసటి ఏప్రిల్‌లో నేను నాలుగు రోజులు సెలవు పెట్టి అక్క దగ్గరికి వెళ్ళేసరికి గుట్ట మీది దొనలన్నీ ఎండిపోయాయి. ఊరి చెరువులో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు.

"రాత్రికి మోటారు గదిలో పడుకో తమ్ముడూ, తమాషా చూద్దువు గాని" అంది అక్క.

గదికి చిన్న కిటికీ ఉంది. పొద్దు వాలకముందే గువ్వలు వచ్చాయి. తరువాత కౌజు పిట్టలు, గుంపుగా, నేలకు అంటుకుపోయి. నెమలి మాత్రం తొట్టి అంచు మీదికి ఎగిరి, ఒక గుటక వేసి, తలెత్తి నాలుగు దిక్కులూ చూసి, మళ్ళీ ఒక గుటక వేసేది. అంత దాహంలోనూ దానికి తొందర లేదు. నీళ్ళ మీద కొబ్బరి పీచు తేలుతుంటే చెత్త అనుకుని తీయబోయాను. అక్క అరిచింది. తేనెటీగలు దాని మీద వాలి తాగుతాయట. లేకపోతే మునిగి చస్తాయట. తొట్టి లోపల ఒక మూల ఏటవాలుగా బండ కూడా ఆనించింది. అంతకు ముందు వారం ఒక ఉడుత పైకి ఎక్కలేక చచ్చిందని, అప్పటి నుంచి అలా పెట్టానని చెప్పింది. ఆమె చదివింది ఐదో తరగతి.

చీకటి పడ్డాక కుందేలు, తరువాత నక్క. వాటిని నేను చూశానని ప్రమాణం చేయలేను, నీడలు చూశాను. అడవి పందులను మాత్రం చూడకపోయినా తెలుస్తుంది. తల్లి ముందు, గీతల పిల్లలు వెనక. తాగడంతో వాటికి తీరదు, తొట్టి కింద తడిసిన మట్టిలో పొర్లాలి. మూడో రాత్రి రెండు గంటలప్పుడు ఎవరో ముసలాయన ఆయాసపడుతున్నట్టు చప్పుడు వినిపించింది. ఎలుగుబంటి. కిటికీకి పదడుగుల దూరంలో నిలబడి చాలాసేపు తాగింది. టార్చి నా చేతిలోనే ఉంది, మీట నొక్కడానికి వేలు రాలేదు. అది వెళ్ళాక కూడా తెల్లవారేదాకా నేను బయటికి రాలేదు.

పొద్దున తోట కాపు గుత్తకు తీసుకున్న వ్యాపారి వచ్చాడు. పందులు తోతాపురి కాయలు రాలినవి తిన్నా పరవాలేదు గానీ, డ్రిప్పు పైపులు కొరికి పారేస్తున్నాయి. "నీళ్ళు పెట్టి వాటిని నువ్వే పిలుస్తున్నావమ్మా. తొట్టి ఎండగట్టు. కాదంటే చుట్టూ తీగ లాగి రాత్రిపూట కరెంటు ఇద్దాం" అన్నాడు. తీగ చుట్ట తన మోపెడ్ మీదే తెచ్చుకున్నాడు.

నేను 1972 నాటి వన్యప్రాణి చట్టం గురించి చెప్పాను. ఆయన నన్ను చూసి నవ్వాడు. త్రీఫేజు కరెంటు అర్ధరాత్రి వస్తే మోటారు వేయడానికి మనుషులే చీకట్లో నడిచి వస్తారు కదా అన్నాను. అప్పుడు నవ్వలేదు, అలాగని ఒప్పుకోనూ లేదు. అక్క ఏమీ మాట్లాడలేదు. ఆయన ఇచ్చిన అడ్వాన్సు అప్పటికే ఖర్చయిపోయిన సంగతి నాకు తరువాత తెలిసింది.

ఆ పూట నాకు అన్నం సయించలేదు. కారణం పందులు కావు. మా బ్యాంకులో వ్యవసాయ రుణాల కుర్చీలో నేను ఏడేళ్ళు కూర్చున్నాను. బోరుకు అప్పు, మోటారుకు అప్పు, అది ఎండితే ఇంకో బోరుకు అప్పు. మొదట్లో మూడు వందల అడుగులని రాసిన దరఖాస్తుల మీద సంతకం పెట్టిన చెయ్యే, చివరికి పన్నెండు వందల అడుగులని రాసిన వాటి మీదా పెట్టింది. ఒక్కొక్క కాగితం విడిగా చూస్తే తప్పు లేదు, వాయిదాలు కూడా చాలామంది కట్టారు. మా చిన్నప్పుడు ఈ తోటలోనే దిగుడు బావి ఉండేది. మెట్లు దిగి చెంబుతో ముంచుకునేవాళ్ళం. గుట్ట దొనల్లో ఏడాదంతా నీళ్ళుండేవో లేదో గానీ, వాగు గుంతల్లో ఉండేవి. ఆ ఊటలు ఎవరి ఖాతాలో ఖర్చు రాయాలో బి.కాం.లో చెప్పలేదు.

సాయంత్రానికి ఒక ఉపాయం తట్టింది, నాకు కాదు, అక్కకు. షెడ్డులో పాత పైపు రెండు వందల అడుగులు పడి ఉంది. కంచె అవతల గుట్ట వైపు గుంత తవ్వించి, ప్లాస్టిక్ పట్టా పరిచి, పైపు అక్కడికి లాగింది. మొదటి రెండు రాత్రులు పందులు పట్టించుకోలేదు, తొట్టికే వచ్చాయి. తరువాత నెమ్మదిగా అటు మళ్ళాయట. వ్యాపారి లెక్క తేల్చేటప్పుడు పైపుల కింద ఆరు వేలు కోశాడు.

ఆ అక్టోబరులో జొహానెస్‌బర్గ్‌లో ఉన్న మా అల్లుడు నన్ను, మా ఆవిడను జింబాబ్వేలోని హ్వాంగే అడవికి తీసుకెళ్ళాడు. దాదాపు పద్నాలుగు వేల ఆరు వందల చదరపు కిలోమీటర్ల అడవి. ఏనుగులు నలభై ఐదు వేలని అంచనా. ఏడాది పొడవునా పారే నది మాత్రం లేదు. అక్కడి నీటి గుంటలు చాలావరకు బోరు నీళ్ళే! 1928లో ఆ అడవిని కాపాడటానికి వచ్చిన మొదటి వార్డెన్ టెడ్ డేవిసన్ 1930లలో బోర్లు వేయించడం మొదలుపెట్టాడు. మేము దిగిన లాడ్జి ముందు గుంటలో ఏనుగులు బురదను వదిలి, పైపు మూతి దగ్గర తొండాలు పెట్టి, మంచినీళ్ళ కోసం ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి. మిగతా యాత్రికులు ఫోటోలు తీసుకుంటుంటే నేను మోటారు చప్పుడు వింటున్నాను. ఎన్ని అంగుళాల నీళ్ళు పడుతున్నాయని గైడును అడిగాను. అతనికి నా ప్రశ్న అర్థమయ్యేటప్పటికి అల్లుడు సిగ్గుపడ్డాడు.

2023లో వానలు ఆలస్యమై అక్కడ వందకు పైగా ఏనుగులు చచ్చిపోయాయి. 2024 సెప్టెంబరులో ఆ దేశం కరువుకు మాంసం కోసం రెండు వందల ఏనుగులను చంపుతామని ప్రకటించింది. బోర్లు వేసినందువల్లే ఏనుగులు పెరిగి, చుట్టూ చెట్లు నాశనమవుతున్నాయనే వాదమూ ఉంది. "నీళ్ళు పెట్టాం. ఇప్పుడు ఆపితే ఎలా?" అన్నాడు గైడు.

తిరిగి వచ్చాక ఇదంతా అక్కకు చెప్పాను. ఏనుగుల సంగతి మీద ఆమెకు పెద్ద ఆసక్తి కలగలేదు.

"మోటారు కాలితే ఎవరు బాగు చేయిస్తారు అక్కడ?" అని అడిగింది.

లాడ్జీల వాళ్ళు, చందాలిచ్చేవాళ్ళు అన్నాను.

"అట్లాగా" అని లేచి, పొయ్యి మీద పాలు దించడానికి లోపలికి వెళ్ళింది. మన దగ్గర రైతుల మోటార్లకు కరెంటు బిల్లు లేదు గానీ, మోటారు తీసి చుట్టించాలంటే ఎంతవుతుందో నాకు తెలుసు.

2025 ఉగాదికి వెళ్ళినప్పుడు పట్టా మార్చి ఉంది, తొట్టిలో కొత్త కొబ్బరి పీచు తేలుతోంది. వ్యాపారి మరిచిపోయిన తీగ చుట్ట షెడ్డులో మేకుకు వేలాడుతూనే ఉంది. తీసి పారేద్దామా అని అడిగాను.

"ఉండనీ" అంది అక్క. "పందిరికి పనికొస్తుంది."