నకానో సందుల్లో పెదనాన్న కెమెరా

నిషి-కసాయ్ స్టేషన్ మెట్లు దిగి బయటికి రాగానే మొదట చెవిన పడింది తెలుగే. ఒకావిడ స్కూలు బ్యాగు మోస్తున్న పిల్లాడిని "తొందరగా నడవరా" అని అదిలిస్తోంది. టోక్యో తూర్పు అంచున, ఎదొగావా వార్డులో ఉన్న పేట ఇది. ఇక్కడ భారతీయ కుటుంబాలు చాలా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వచ్చినవాళ్లే ఎక్కువ. మా మేనల్లుడూ వాళ్లలో ఒకడు. "మావయ్యా, ముందు ఇడ్లీ తింటావా, కాసేపు పడుకుంటావా?" అన్నాడు. ఇడ్లీయే అన్నాను. ప్లేటు పక్కన నా కెమెరా పెట్టగానే వాడి కళ్లు దాని మీదే నిలిచిపోయాయి. "ఇది పెదతాత స్టూడియోలోది కదూ!"

అదే. నికాన్ ఎఫ్ఎం2. మా పెదనాన్న కాకినాడలో స్టూడియో నడిపినన్నాళ్లూ పెళ్లిళ్లన్నీ దీంతోనే తీశాడు. రీలు తిప్పే లివర్‌ను బొటనవేలితో లాగాలి. లెన్స్ రింగు చేత్తో తిప్పి ఫోకస్ చేసుకోవాలి. షట్టర్ వేగం, అపర్చర్ మనమే పెట్టుకోవాలి. లోపల బొత్తాం బ్యాటరీలున్నా అవి వెలుతురు కొలిచే మీటర్‌కే. అవి అయిపోయినా ఒక సెకను నుంచి 1/4000 సెకను దాకా అన్ని వేగాలూ నడుస్తాయి. ఈ కెమెరా వచ్చిన 1982లో 1/4000 అంటే గొప్ప. అంత వేగంగా కదిలే షట్టర్ రేకులు తేలిగ్గా, గట్టిగా ఉండాలని పల్చటి టైటానియం మీద తేనెపట్టు గళ్లు చెక్కారు. స్టీవ్ మెకరీ 1984లో పాకిస్తాన్ శరణార్థి శిబిరంలో తీసిన, ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ ఆకుపచ్చ కళ్ల అఫ్ఘాన్ అమ్మాయి ఫొటో ఈ మోడల్‌తో తీసిందే.

ఫోకస్ ఎలా చేస్తారో ఎప్పుడూ చూడనివాళ్ల కోసం చెబుతాను. వ్యూఫైండర్ నడుమ చిన్న వృత్తం, దాన్ని రెండుగా కోసే గీత ఒకటి ఉంటాయి. ఫోకస్ కుదరనంతసేపూ పై సగంలో మనిషి ఒక పక్కకీ కింది సగంలో ఇంకో పక్కకీ జరిగి కనిపిస్తాడు. రింగు తిప్పుతుంటే రెండు సగాలూ దగ్గరికొచ్చి ఒక్కటవుతాయి. అప్పుడు నొక్కాలి. నిలువు గీత ఏదైనా దొరికితే పని సులువు. "ముఖం మీద వెతక్కు, పమిట అంచు మీద కలుపు" అనేవాడు పెదనాన్న. ఆ మాట పట్టుకునే నేను నేర్చుకున్నాను. ఇలాంటి కెమెరాలు పుట్టిన దేశంలో వాటినిప్పుడు ఎవరు వాడుతున్నారు, ఎలా చూసుకుంటున్నారు? ఈ ప్రయాణం అది తెలుసుకోవడానికే.

మొదట రీళ్లు కొనాలి. షింజుకు వెళ్లాం. రోజుకు లక్షల మంది రాకపోకలు సాగించే ఈ స్టేషన్‌కి 200కు పైగా ద్వారాలున్నాయి. సికింద్రాబాద్ స్టేషన్‌లో అడిగితే దారి చెప్పేవాడు అడుగడుగునా దొరుకుతాడు. ఇక్కడ పసుపు రంగు బోర్డులే దిక్కు. ఒక బోర్డు వెంట వెళ్తే డిపార్ట్‌మెంట్ స్టోర్ కింద స్వీట్ల దుకాణాల మధ్య తేలాం. ఇంకో బోర్డు వెంట వెళ్తే మరో రైల్వే కంపెనీ గేట్లు ఎదురయ్యాయి. ఆ తిరుగుడు నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ప్రతి మలుపు దగ్గరా ఒక కొత్త వాసన, కొత్త ప్రకటన పాట. మీరు వెళ్తే పడమటి ద్వారం గుర్తు పెట్టుకోండి. పెద్ద కెమెరా దుకాణాలు కొన్ని ఆ వైపే ఉన్నాయి.

ఫిల్మ్ అమ్మే అరల ముందు నిలబడి చాలాసేపు చూశాను. కలర్ నెగటివ్, బ్లాక్ అండ్ వైట్, స్లైడ్ ఫిల్మ్, అన్నీ వరసగా ఉన్నాయి. మన ఊళ్లో రీలు కావాలంటే ఫోన్లు చేసి, ఆర్డర్ పెట్టి ఎదురుచూడాలి. ఇక్కడ కాలేజీ పిల్లలు అగ్గిపెట్టె కొన్నంత మామూలుగా కొనుక్కుపోతున్నారు. ధర మాత్రం మామూలుగా లేదు. 36 బొమ్మల కలర్ రీలు ఒకటి మన డబ్బుల్లో దాదాపు వెయ్యి రూపాయలు. ఒక్కో బొమ్మ నొక్కేముందు చెయ్యి ఆగుతుంది. ఆ ఆగడంలో చూపు పదునెక్కుతుంది.

మర్నాడు హన్జోమోన్ స్టేషన్‌కి దగ్గర్లో, ఒక భవనం నేలమాళిగలో ఉన్న జేసీఐఐ కెమెరా మ్యూజియం చూశాం. 1839 నాటి జిరూ డాగెరోటైప్ కెమెరా ఇక్కడ ఉంది. కర్రపెట్టె, ఇత్తడి లెన్స్, అంతే. దాని నుంచి మొదలుపెట్టి జపాన్ కెమెరాల వరసలు. నన్ను కట్టిపడేసింది మాత్రం ఈ మ్యూజియం నడిపే జేసీఐఐ సంస్థ కథే. మన ఇళ్లలో ఉన్న పాత జపాన్ కెమెరాల మీద కోడిగుడ్డు ఆకారంలో చిన్న బంగారు రంగు స్టిక్కర్ చూసే ఉంటారు. దాని మీద 'పాస్డ్' అని ఉంటుంది. యుద్ధం తర్వాత జపాన్ సరుకంటే నాసిరకమని ప్రపంచానికి చిన్నచూపు. ఆ పేరు పోగొట్టడానికి 1954లో ఈ సంస్థ ఏర్పడింది. ఎగుమతయ్యే కెమెరాలను పరీక్షించి, నెగ్గినవాటికి ఆ స్టిక్కర్ అంటించేవారు. పెదనాన్న స్టూడియోలో చిన్నప్పుడు గోటితో గీకబోయి తిట్లు తిన్న స్టిక్కర్ వెనక ఒక దేశం పరువు ఉందని ఆ నేలమాళిగలో తెలిసింది.

ఆ పరువు నిలబడిన తీరులోనూ ఒక ముచ్చట ఉంది. 1950లో 'లైఫ్' పత్రిక ఫొటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ టోక్యోలో ఉన్నాడు. జున్ మికి అనే జపాన్ యువకుడు నికాన్ వాళ్ల 85 మిల్లీమీటర్ల నిక్కోర్ లెన్స్‌తో ఆయన్ని ఒక ఫొటో తీసి ప్రింటు చూపించాడు. ఆ స్పష్టత చూసి డంకన్ నేరుగా లెన్స్ చేసిన కంపెనీ దగ్గరికే వెళ్లాడు. తన లైకా కెమెరాలకు నిక్కోర్ లెన్సులు తగిలించుకుని కొరియా యుద్ధానికి వెళ్లాడు. ఆ బొమ్మలు చూసి అమెరికా పత్రికలవాళ్లు ఈ లెన్సుల గురించి వాకబు చేయడం మొదలుపెట్టారు.

ఇక నకానో. నిషి-కసాయ్ నుంచి తోజాయ్ లైన్ రైలెక్కితే చివరి స్టేషన్ అదే, మారే పనిలేదు. ఉత్తర ద్వారం బయట పైకప్పున్న బజారు వీధి, దాని చివర 1966లో కట్టిన నకానో బ్రాడ్‌వే అనే దుకాణాల భవనం. ఆ చుట్టుపక్కల సందుల్లో పాత కెమెరాల దుకాణాలున్నాయి. హైదరాబాద్ కోఠిలో పాత కెమెరా అడిగితే కౌంటర్ కింద నుంచి గుడ్డలో చుట్టింది తీస్తారు. ఇక్కడ అద్దాల బీరువాల్లో ఒక్కో కెమెరా పక్కనా చీటీ ఉంది. స్థితి ఎలా ఉందో అక్షరాల్లో గ్రేడు. ఆ కింద లోపాల జాబితా: లెన్సులో సన్నటి దుమ్ము, అడుగున గీత, వ్యూఫైండర్‌లో మసక. కొనేవాడు అడగకముందే అమ్మేవాడు చెప్పేస్తున్నాడు. ఒకటి చూస్తామంటే మెత్తటి గుడ్డ పరిచిన పళ్లెం తెచ్చి, దాని మీద కెమెరా పెట్టి, రెండు చేతులతో మన ముందుకు జరిపాడు.

దుకాణం మూల ప్లాస్టిక్ పెట్టెల నిండా 'జంక్' సరుకు. లివర్ విరిగినవి, ఫంగస్ పట్టినవి, షట్టర్ పడనివి. జనం సంతలో వంకాయలు ఏరినట్టు వాటిని ఏరుతున్నారు. పనికిరానివి ఎందుకు కొంటున్నారని మేనల్లుడి చేత అడిగించాను. ఒలింపస్ ఓఎం-1 మెడలో వేసుకున్న ఒక పెద్దాయన నవ్వి, తన పెట్టెలోంచి పగిలిన ఓఎం-1 ఒకటి తీసి చూపించారు. దాని రీలు వెనక్కి చుట్టే మీట మాత్రం చెక్కుచెదరలేదు. ఆయన కెమెరాకి అదే పోయిందట.

ఆయన దగ్గర చాలా విన్నాం. యొషిహిసా మైతాని రూపొందించిన ఆ కెమెరా 1972లో వచ్చింది. బరువైన ఎస్ఎల్ఆర్ కెమెరాల కాలంలో చిన్నదీ తేలికైనదీ చేసి చూపించారు. షట్టర్ వేగం రింగు లెన్స్ చుట్టూ ఉంటుంది కాబట్టి కన్ను తీయకుండా ఎడమచేత్తోనే అన్నీ తిప్పుకోవచ్చు. ఇబ్బంది ఒక్కటే. దాని మీటర్ 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీని నమ్ముకుని చేసింది. పాదరసం విషమని ఆ బ్యాటరీలు ఆపేశారు. ఇప్పటి బ్యాటరీ నేరుగా వేస్తే మీటర్ తప్పు చూపిస్తుంది. వోల్టేజీ తగ్గించే చిన్న ఎడాప్టర్ వేసుకున్నారాయన. అదీ చూపించారు, విప్పి మరీ.

పక్కనే క్యానన్ ఏఈ-1 పట్టుకున్న ఒకమ్మాయి కలిసింది. ఆమె షట్టర్ నొక్కితే కీచుమంది. లోపల అద్దం కదిలే చోట నూనె ఎండిపోతే ఈ మోడల్ అలా దగ్గుతుందని అక్కడ అందరికీ తెలుసు. 1976 నాటి ఈ కెమెరా షట్టర్ కరెంటుతో నడుస్తుంది, బ్యాటరీ అయిపోతే కదలదు. అయినా ఆమె దీన్నే ఎంచుకుంది, లెన్సులు చవగ్గా దొరికాయని. క్యానన్ 1987లో లెన్స్ బాడీకి తగిలే మౌంట్ మార్చేసింది. పాత ఎఫ్‌డీ లెన్సులు కొత్త బాడీలకు పట్టక చాలాకాలం ఎవరూ అడగలేదు. నికాన్ మాత్రం తన ఎస్ఎల్ఆర్‌లలో 1959 నాటి మౌంట్‌నే కొనసాగించింది.

పెద్దాయన చెప్పిన గుర్తులు పట్టుకుని ఒక చిన్న వర్క్‌షాప్‌కి వెళ్లాం. మూడో అంతస్తు, ఒకే గది, గోడ పొడుగునా సొరుగులు. ప్రతి సొరుగులోనూ చనిపోయిన కెమెరాల భాగాలు. జంక్ పెట్టెలు చివరికి ఎక్కడికి చేరతాయో అర్థమైంది. మెకానిక్ గారు నా ఎఫ్ఎం2 వెనక తలుపు తెరిచి, అంచుల్లో వెలుతురు రాకుండా వేసే నురుగు పట్టీ చూపించారు. అది కరిగి నల్లటి జిగురైపోయింది. ఏళ్లు గడిస్తే ఏ కంపెనీ కెమెరాకైనా ఇది తప్పదట. తర్వాత లెన్స్ వెనక టార్చి వేశారు. సాలెగూడు పోగులు, ఫంగస్. కాకినాడ ఉప్పుగాలికి, చెమ్మకు లెన్స్ అల్మరాలో మూసిపెడితే పట్టక మానదు. గాలీ వెలుతురూ తగలనివ్వండి, వాడుతూ ఉండండి, సిలికా జెల్ పెట్టండి అన్నారు.

ఆపైన ఆయన ఆగిపోయారు. వేగం మార్చే చక్రం పళ్ల సందుల్లో సన్నటి పసుపు రంగు. భూతద్దం పెట్టి చూసి, ఏమిటని అడిగారు. పెళ్లిలో అక్షింతలు వేసేటప్పుడు ఫొటోగ్రాఫర్ వధూవరుల ఎదురుగానే ఉంటాడు, ఆ పసుపు బియ్యం అతని మీదా పడుతుంది అని మేనల్లుడు వివరించాడు. ఆయన కాసేపు ఆలోచించారు. "ఇది తుడవమంటారా, ఉంచమంటారా?" ఉంచమన్నాను. తల పంకించి, నురుగు పట్టీలు మాత్రం మార్చి, షట్టర్ వేగాలు యంత్రం మీద కొలిచి, కాగితం మీద రాసిచ్చారు. అన్ని ఊళ్లు తిరిగిన షట్టర్ ఇంకా సమయానికే పడుతోంది. లెన్స్ శుభ్రం చేయడానికి అక్కడే వదిలాం.

ఆకలేసింది. బ్రాడ్‌వే అడుగు అంతస్తులో ఎనిమిది రుచుల సాఫ్ట్ ఐస్‌క్రీమ్ ఒకదాని మీద ఒకటి పేర్చి ఇస్తారు. అది ఒరిగేలోపు తినడం ఒక విద్య. శాకాహారులకు ఒక మాట: సోబా నూడుల్స్ పులుసు చూడటానికి ఏమీ లేనట్టే ఉంటుంది, కానీ చాలాచోట్ల దానికి చేప మరిగించిన నీళ్లే ఆధారం. ఉప్పులో ఊరేసిన ఉమె పండు పెట్టిన అన్నం ముద్ద తినండి. ఆ పులుపు మనకు కొత్త కాదు.

మేనల్లుడి దగ్గర అడిగి తీసుకున్న నిక్కోర్‌తో సాయంత్రం దాకా తీశాను. బజారు వీధిలో వేలాడే నిలువు అక్షరాల బోర్డులు ఫోకస్‌కి పమిట అంచులకన్నా సులువు. ల్యాబ్‌లో రీలు కడగడానికిస్తే ఆ రోజే నెగటివ్‌లు చేతికొచ్చాయి.

మీరు వెళ్లేటట్టయితే రీళ్లు చేతి సంచిలోనే పెట్టుకోండి, చెకిన్ సామాన్లలో వద్దు. విమానాశ్రయాల్లో కొత్తగా వచ్చిన సీటీ స్కానర్లు ఫిల్మ్‌ను పాడుచేస్తాయి. చేత్తో చూడమని మర్యాదగా అడగండి. పాస్‌పోర్టు దగ్గరుంచుకోండి, చాలా దుకాణాల్లో విదేశీయులకు పన్ను మినహాయింపు ఉంది. అన్నిటికన్నా ముందు మీ ఇంట్లో నాన్నదో, మావయ్యదో పాత కెమెరా ఉంటే బయటికి తీయండి. లివర్ లాగి ఒకసారి నొక్కి చూడండి. పలికితే రీలు ఎక్కించండి. పలక్కపోతే పాత సామాన్లవాడికి వేయకండి, దాన్నీ వెంట పట్టుకెళ్లండి. దానిలోని ఒక చిన్న మీట కోసం నకానోలో ఎవరో పెట్టెలన్నీ వెతుకుతుంటారు.