పదకొండో రోజు మందులు

గుంటూరు నుంచి నంద్యాల వైపు వెళ్లే రైలు వినుకొండ, కురిచేడు దాటాక దొనకొండలో ఆగుతుంది. గుంటూరు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేయించుకున్న దొనకొండవాళ్లకు ఇంటికి దారి ఇదే. ఒంగోలులో చేయించుకుంటే బస్సెక్కాలి.

నేను వెళ్లినప్పుడు దొనకొండ స్టేషన్ బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఆయనకు గుండెలో స్టెంట్ వేసి పంపారు. ఒళ్లోని ప్లాస్టిక్ సంచిలో రిపోర్టులు, డిశ్చార్జి చీటీ, మాత్రలు ఉన్నాయి. ‘‘అంతా కార్డు మీదే అయిపోయింది సార్, మేము పెట్టిందేం లేదు’’ అన్నాడాయన తృప్తిగా. పక్కనున్న కొడుకు మాత్రం మాత్రల అట్టలు లెక్కపెడుతున్నాడు. ‘‘పది రోజులకిచ్చారు. ఆ తర్వాత మేమే కొనుక్కోవాలేమో.’’

అతని అనుమానం చిన్నది కాదు. స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా వాడే మాత్రలను డాక్టరు చెప్పకుండా మధ్యలో ఆపితే, స్టెంట్ మూసుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. లక్షలు పెట్టి నిలబెట్టిన గుండె ఒక్క మందుల చీటీ దగ్గర ఓడిపోవచ్చు.

ఆయన చెప్పిన కార్డు ప్రభుత్వ ఉచిత వైద్య పథకానిది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ఈ పథకం పేరు 2014లో, 2019లో, 2024లో మారింది. జనం నోట మాత్రం ఇప్పటికీ ‘కార్డు’. పరీక్షలు, ఆపరేషన్, ఆసుపత్రిలో భోజనం, ఇంటికి దారి ఖర్చు, డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులు ప్యాకేజీలోనే ఉంటాయి. ఆపైన ఏడాదిపాటు ఉచితంగా చూసే ఫాలో అప్ కొన్ని చికిత్సలకే. ఉమ్మడి రాష్ట్రంలో 938 చికిత్సలుంటే 125కే ఆ సౌకర్యం ఇచ్చారు. జేబులోంచి కట్టుకునే ప్రైవేటు బీమా పాలసీలదీ ఇదే తీరు: డిశ్చార్జి తర్వాత మామూలుగా 60 రోజుల ఖర్చులు, అదీ బిల్లులు చూపిస్తేనే.

మందులు ఎలాగో తెచ్చుకున్నా, కూలి పోయిన ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? మెట్ట పొలాల్లో పని చేస్తే పూట గడిచేవాళ్లకు, కాలికి రాడ్ వేసి ‘‘మూడు నెలలు అడుగు పెట్టొద్దు’’ అని డాక్టరు చెప్పే మాట వైద్య సలహా కాదు, అప్పు కబురు. సగం మానిన కాలితోనే పొలానికి పోతారు. కట్టు మార్పించుకోవడానికి పట్నం వెళ్లాలంటే, తోడు వచ్చే మనిషి కూలి కూడా పోతుంది. చివరికి ఊళ్లోని ఆర్ఎంపీ డాక్టరే గతి.

ఈ బాధను ప్రభుత్వం ఒకసారి సరిగ్గానే పట్టుకుంది. 2019 డిసెంబర్ 2న గుంటూరులో మొదలుపెట్టిన ‘ఆరోగ్య ఆసరా’ కింద, డాక్టరు విశ్రాంతి చెప్పిన కాలానికి రోజుకు రూ.225, నెలకు గరిష్ఠంగా రూ.5,000 రోగి ఖాతాలో వేయాలన్నది నిర్ణయం. కోలుకోవడం కూడా వైద్యంలో భాగమేనని ఒప్పుకున్న ఆలోచన అది. నా దృష్టిలో ఆరోగ్యశ్రీ చరిత్రలో అంతకంటే మానవీయమైన అడుగు లేదు. ప్రభుత్వాలు మారినా, పేర్లు మారినా నిలవాల్సింది అదే. ఫాలో అప్ మందులు కూడా మండలంలోని ప్రభుత్వ ఆసుపత్రిలోనే దొరికితే దొనకొండవాళ్లకు సగం ప్రయాణం తప్పుతుంది.

అది జరిగేలోగా, కార్డు మీద ఆపరేషన్ చేయించుకున్న ప్రతి కుటుంబానికీ ఒక విన్నపం. ఆసుపత్రి గేటు దాటకముందే, అక్కడ కార్డు పనులు చూసే ఆరోగ్యమిత్రను అడగండి: మా చికిత్సకు ఫాలో అప్ ఉందా, పదకొండో రోజు మందులు ఎక్కడిస్తారు, మళ్లీ ఏ తేదీన రావాలి? ఆ జవాబులు డిశ్చార్జి చీటీ మీద రాయించుకున్నాకే బయలుదేరండి.