వీలీ కొట్టాలా? పద, ఎర్రమట్టి గుట్టకి!

లాలాపేట్‌లో పెరిగినోళ్లకి ఎత్తుపల్లాలు కొత్త కాదు. మౌలాలీ వైపు నుంచి వస్తే రైల్వే బ్రిడ్జి ఎక్కాలి, దిగాలి. వెనక్కి తిరిగి చూస్తే మౌలాలీ గుట్ట, దాని నెత్తిన దర్గా. విజయ డెయిరీ మీదుగా తార్నాక చౌరస్తాకి వస్తే పైన మెట్రో, కింద హారన్ల మోత. అక్కడ రోడ్డు దాటి క్యాంపస్‌లోకి అడుగు పెట్టామా, సౌండ్ ఒక్కసారిగా సగం తగ్గిపోతుంది. చెట్లు, నెమళ్ల అరుపులు, వెడల్పాటి రోడ్లు. చివర్లో 1939లో తలుపులు తెరిచిన ఆర్ట్స్ కాలేజీ, గులాబీ రంగు రాతి భవనం.

1918లో మొదలైన ఈ యూనివర్సిటీలో చదువు ఒక్కటే ఉండదని ఇక్కడి వాళ్లందరికీ తెలుసు. పొద్దున అయిదున్నరకే వాకర్స్ దిగుతారు. రిటైరైన రైల్వే ఉద్యోగులు, సీతాఫల్‌మండి నుంచి వచ్చే ఆంటీలు, పోలీస్ సెలక్షన్స్‌కి పరుగులు ప్రాక్టీస్ చేసే పిల్లలు. కాంపిటీటివ్ పుస్తకం పట్టుకుని చెట్టు కింద కూర్చునే వాళ్లయితే లెక్కే లేదు.

ఇంకొక బ్యాచ్ కూడా ఉంది. ఆదివారం తెల్లారకముందే బైకులేసుకుని వస్తారు. ఒకడు ముందు చక్రం లేపుతాడు, ఇంకొకడు ఫోన్ పట్టుకుని వీడియో తీస్తాడు. పదిహేను సెకన్ల రీల్. పెద్దాయన ఒకరు కర్ర పట్టుకుని రోడ్డు పక్కకి జరిగిపోవడం ఆ రీల్‌లో కనిపించదు.

మా పిన్ని కొడుకు ఆ బ్యాచ్‌లో కలుద్దామని చూస్తున్నాడు. వాడికి పంతొమ్మిదేళ్లు, బీటెక్ సెకండియర్, చేతిలో కొత్త బైకు. పిన్ని నాకు ఫోన్ చేసింది. "నువ్వు చెప్తే వింటడురా, జర సమజ్ చెయ్" అంది.

సమజ్ చేయడానికి కూర్చున్నా. ముందు చట్టం చెప్పిన. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకరంగా నడిపితే మొదటిసారే 5,000 రూపాయల వరకు జరిమానా, జైలు కూడా పడొచ్చు. నడిపింది మైనరైతే 2019 సవరణ తర్వాత తల్లిదండ్రులకో బండి ఓనరుకో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు.

వాడు మొత్తం విన్నాడు. విని, "సరే అన్నా, మరి ఎక్కడ చెయ్యాలె?" అన్నాడు.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. క్రికెట్ ఆడతానంటే గ్రౌండ్ చూపిస్తాం, ఈత కొడతానంటే పూల్ చూపిస్తాం. బండితో ఆడుకుంటానంటే 'వద్దు' తప్ప ఇంకేం చెప్తున్నాం? అప్పుడు గుర్తొచ్చింది, వికారాబాద్ దగ్గర ఒక ఫామ్‌లో ఏటీవీ ట్రాక్. నాలుగు లావు టైర్ల బండి, పక్కనే గుట్ట. "ఆదివారం పద" అన్నా.

తెల్లవారుజామున బయల్దేరినం. మెహదీపట్నం దాటి, మొయినాబాద్ మీదుగా చేవెళ్ల రోడ్డు. ఈ రోడ్డుకి రెండు వైపులా పెద్ద పెద్ద మర్రిచెట్లు. కొమ్మలు పైన కలిసిపోయి గుహలోంచి వెళ్తున్నట్టే ఉంటుంది. హైవే వెడల్పు చేయడానికి వీటిని కొట్టేయొద్దని ఏళ్ల తరబడి పోరాటం నడిచిన చెట్లివి. చేవెళ్లలో ఇడ్లీ, చాయ్. వికారాబాద్ దగ్గరపడే కొద్దీ నల్లమట్టి పోయి ఎర్రమట్టి మొదలైంది. మన మూసీ పుట్టేది ఈ అనంతగిరి గుట్టల్లోనే.

ట్రాక్‌లో రెండు రకాల బండ్లున్నాయి. అందరికీ ఇచ్చేవి ఆటోమేటిక్. గేర్లుండవు, స్పీడుకి కళ్లెం వేసి ఉంటుంది. షెడ్డులో మూలకి మాత్రం ఒక స్పోర్ట్ క్వాడ్. సన్నటి సీటు, పొడుగాటి సస్పెన్షన్, కాలితో వేసే గేర్లు. మావాడి కళ్లు దాని మీదే. ట్రైనర్ నవ్వి, "గంటసేపు చిన్నబండి నడుపు తమ్మీ. నాకు నమ్మకమొస్తే అది ఇస్త" అన్నాడు.

ఈ బండ్లకి పెద్ద చరిత్రే ఉంది. మొదట్లో మూడు చక్రాలవి ఉండేవి. తెగ బోల్తా పడేవి. సుజుకి 1982లో నాలుగు చక్రాల క్వాడ్‌రన్నర్ తెచ్చింది, 1985లో రేసుల కోసం క్వాడ్‌రేసర్. ప్రమాదాలు పెరిగి 1988లో అమెరికాలో కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకమే ఆగిపోయింది. కాలిఫోర్నియా ఇసుక దిబ్బల మీద, దుబాయ్ ఎడారిలో ఇప్పుడు తిరిగేవి ఎక్కువగా నాలుగు చక్రాలవే. మన దగ్గర స్పోర్ట్ క్వాడ్‌ని రోడ్డు మీద తిప్పడానికి రిజిస్ట్రేషన్ రాదు. ట్రాకులు, ఫామ్‌లే దాని దునియా.

నేను ముందు ఎక్కిన. హ్యాండిల్ మీద చేయి తిప్పితే ఏమీ కాలేదు. దీనికి యాక్సిలరేటర్ బొటనవేలి దగ్గరుంటుంది, నొక్కాలి. ఇంకో తేడా మలుపులో తెలిసింది. బైకు మనతోపాటు వంగుతుంది, ఇది వంగదు. స్పోర్ట్ క్వాడ్ వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసు మీద ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి, మలుపులో నేరుగా పోదామనే చూస్తుంది. మనమే సీటు మీద జరిగి, మలుపు లోపలి వైపుకి ఒళ్లు వంచాలి. పది నిమిషాలకే తొడలు పట్టేసినయ్.

తర్వాత గుట్ట. కింద నుంచి చూస్తే మన రైల్వే బ్రిడ్జి అంతే కదా అనిపించింది. దగ్గరికెళితే గోడ. ట్రైనర్ పాఠం నాలుగు ముక్కల్లో చెప్పిండు. గేరు కిందే వేసుకో, మధ్యల మార్చకు. నడుము లేపి ఛాతీ హ్యాండిల్ మీదికి తే. యాక్సిలరేటర్ ఒకే తీరుగా ఉంచు, ఒక్కసారి గుద్దకు. పైన ఏముందో చూడకుండ ఎక్కకు.

ఎందుకో కూడా చెప్పిండు, నేలమీద పుల్లతో గీసి. సమంగా ఉన్న నేల మీద బరువు నాలుగు చక్రాల మధ్యలో పడుతుంది. ఎత్తు ఎక్కేకొద్దీ ఆ బరువు వెనక చక్రాల మీదికి జరుగుతుంది. ఇంకొంచెం జరిగిందా, ముందు చక్రాలు లేస్తయ్. అప్పుడు యాక్సిలరేటర్ గుద్దితే బండి వెనక్కి తిరగబడుతుంది. బైకు పడితే ఎక్కువగా పక్కకి పడుతుంది, మనం దూకేయొచ్చు. క్వాడ్ నేరుగా మన మీదే పడుతుంది. యమహా రాప్టర్ 700 లాంటి బండి దాదాపు 190 కిలోలు. మన ఇంటి ముందుండే యాక్టివా 110 కిలోల లోపే.

మావాడు రెండోసారి ఎక్కుతుంటే సగంలో ఇంజిన్ ఆగింది. బండి వెనక్కి జారబోయింది. కింద నుంచి ట్రైనర్ కేక, "బ్రేక్ పట్టు! ముందుకి వంగు! పక్కకి దిగు, వెనక నిలబడకు!" వాడు బ్రేక్ పట్టుకుని అట్లే బిగుసుకుపోయిండు. ఆ నాలుగు సెకన్లు నాకు పిన్ని మొహమే కనపడింది. ట్రైనర్ పరిగెత్తి వెళ్లి బండి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని అడ్డంగా తిప్పి దించినారు. హెల్మెట్ తీస్తే వాడి మొహంలో చెమటా ఎర్రమట్టీ కలిసి బురదైంది. అయిదు నిమిషాలు ఎవరం మాట్లాడలే. తర్వాత వాడే, "ఇంకోసారి పోతా" అన్నాడు. మూడోసారి పైకెక్కిండు. పైనుంచి చేతులూపుతుంటే నాకే ఈల వేయాలనిపించింది.

మధ్యాహ్నం స్పోర్ట్ క్వాడ్ బయటికొచ్చింది. వీలీ సమతలం మీదే, ఒంటరి ట్రాక్ మీదే, గుట్ట మీద అస్సలు కాదు అని షరతు. హెల్మెట్, ఛాతీ గార్డు, మోకాలి గార్డులు, బూట్లు వేసుకున్నాకే కిక్. సెకండ్ గేర్, మెల్లగా కదలడం, ఒంటి బరువు వెనక్కి, బొటనవేలితో ఒక నొక్కు. ముందు చక్రాలు జానెడు లేచి పడ్డాయి. ట్రైనర్ మొదటి గంటంతా లేపడం నేర్పలేదు, దించడమే నేర్పిండు. కుడికాలు ఎప్పుడూ వెనక బ్రేకు మీదే. బండి మరీ లేస్తుంటే ఆ బ్రేకు తాకితే చాలు, ముందు భాగం కిందికొచ్చేస్తుంది. "లేపుడు ఎవడైనా లేపుతడు. దించుడొచ్చినోడే రైడర్" అన్నాడు.

సాయంత్రానికి మావాడి వీలీ రెండు మీటర్లు కూడా పోలేదు. రీల్‌కి పనికిరాదు. తిరుగు ప్రయాణంలో చేవెళ్ల దాకా నిద్రపోయిండు. లేచాక అడిగిండు, "అన్నా, క్యాంపస్ల వాళ్లు గార్డులు గిట్ల వేసుకోరు కదా? రోడ్డు మీద ముసలోళ్లుంటరు కదా?" నేనేం అనలేదు. వారం రోజులు చెప్పినా ఎక్కని మాట గుట్ట మీద నాలుగు సెకన్లలో ఎక్కింది.

వాడు మారిపోయాడని చెప్పను. పంతొమ్మిదేళ్లు వాడికి. కానీ ఇప్పుడు కాలేజీలో బాహా టీమ్‌లో చేరతానంటున్నాడు. 2007 నుంచి జరుగుతున్న పోటీ అది. ఇంజినీరింగ్ పిల్లలే సొంతంగా ఆఫ్‌రోడ్ బండి తయారు చేసి, గుంటల్లో, ఎత్తుల మీద నడిపి చూపించాలి. గెలిచినా ఓడినా వెల్డింగ్ వస్తుంది, ఇరుసు ఎందుకు విరుగుతుందో తెలుస్తుంది.

మీరూ వెళ్లాలనుకుంటే తార్నాక నుంచి పొద్దున ఆరులోపు కదలండి, ట్రాఫిక్ తప్పుతుంది. ట్రాక్‌కి వెళ్లగానే రేటు కంటే ముందు హెల్మెట్ చూడండి. పట్టీ తెగినది ఇస్తే అక్కడి నుంచే వెనక్కి వచ్చేయండి. బ్రేకులు మీరే నొక్కి చూడండి. ట్రైనర్ లేకుండా గుట్ట ఎక్కనిస్తామంటే ఆ చోటు మంచిది కాదని అర్థం. సింగిల్ సీటు బండి మీద ఇద్దరు ఎక్కొద్దు, ఫొటో కోసం కూడా.

ఇంకొక మాట, పెద్దవాళ్లకి. మన సిటీలో ఇంతమంది కుర్రాళ్లకి బండంటే పిచ్చి. నాలుగు దిక్కులా నాలుగు మట్టి ట్రాకులు, అందుబాటు ఫీజు, ఒక మంచి ట్రైనర్ ఉంటే చాలు. ఎనభై కిలోమీటర్లు పోయి డబ్బు కట్టగలిగినవాడికే ఆ పాఠం దొరికితే, మిగతావాళ్లకి క్యాంపస్ రోడ్డే ట్రాక్ అవుతుంది.