పే అక్షరం పాప

చిత్తా నక్షత్రం మొదటి పాదంలో పుడితే ‘పే’తో పేరు పెట్టాలంటుంది పంచాంగం. మూడో పాదం దాకా ఆగి పుట్టిన పిల్లలకు ‘రా’ వస్తుంది, రాధలూ రాజేశ్వరులూ ఎంతమందైనా దొరుకుతారు. రెండో పాదానికి వచ్చే ‘పో’ గురించి మాట్లాడకపోవడమే మేలు. మొదటి పాదానికి మా వైపు మిగిలినవి పేరమ్మ, పెద్దక్క, పెంచలమ్మ. వెలిగండ్లలో మా తమ్ముడికి మనవరాలు పుట్టినప్పుడు పడింది సరిగ్గా ఈ పాదమే.

పిల్ల తండ్రి బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. తన కూతురి పేరు తరగతిలో ఇంకెవరికీ ఉండకూడదని వాడి పట్టుదల. తెలుగులో, సంస్కృతంలో వెతికి విసిగి గ్రీకు పురాణాల మీద పడ్డాడు. అక్కడ ‘పె’కు కొదవ లేదు. మొదట పెనెలొపీ అన్నాడు.

మా అమ్మకు, అంటే వాడి జేజికి, ఆ కథ నేనే చెప్పాను. యుద్ధానికి పోయిన మొగుడు ఒడిస్యూస్ ఇరవై ఏళ్లకు గాని ఇల్లు చేరడు. ఈలోపు ఆమెను కట్టుకుంటామని ఇంటిమీద పడ్డవాళ్లను ఆపడానికి, మామకు కప్పే బట్ట నేస్తున్నాను, అది పూర్తి కానివ్వండి అంటుంది. పగలు నేసినదంతా రాత్రి విప్పేస్తుంది. అమ్మ ఆ తెలివికి మెచ్చుకుంది. కాసేపు ఆగి, “అంతకాలం ఎదురుచూసిన ఆమె పేరు పసిబిడ్డకెందుకురా?” అంది. మగవాళ్లు బేల్దారి పనులకు హైదరాబాదుకో బెంగుళూరుకో తరలిపోతే ఆడవాళ్లు ఇళ్లు కాచుకునే పల్లెలు మావి. ఆమె ఊరికే అన్న మాట కాదది.

మర్నాడు వాడు పెర్సెఫొనీ అని ఫోన్ చేశాడు. “ఎట్లుంది పెదనాన్నా?”

కథైతే గొప్పది. పంటల తల్లి డిమీటర్‌కు గారాల కూతురు. పూలు కోసుకుంటుంటే నేల విచ్చుకుంటుంది, పాతాళరాజు హేడీస్ రథం మీద వచ్చి ఎత్తుకుపోతాడు. తండ్రి జ్యూస్‌కు ముందే తెలుసు, ఒప్పుకున్నాడు కూడా. తల్లినే ఎవరూ అడగలేదు. ఆమె కాగడాలు పట్టుకుని లోకమంతా తిరుగుతుంది, చివరికి ముసలిదాని వేషంలో ఎల్యూసిస్ అనే ఊరి బావి దగ్గర కూలబడుతుంది. ఆ ఊరి దొర కూతుళ్లు నలుగురు కంచు బిందెలతో నీళ్లకొచ్చి, ఎవరవ్వా నువ్వు, ఏ ఊరు మీది, ఇక్కడ కూర్చున్నావెందుకు, ఇంటికి రారాదా అని అడుగుతారు. హోమర్ పేరు మీద చెలామణి అయ్యే పాత స్తోత్రంలో ఉందిదంతా. నాకు ఆ పొడుగాటి పాటలో బాగా నచ్చే చోటు ఈ బావిగట్టే. దేవతలూ రథాలూ తప్పుకుని, బిందెలు పట్టుకున్న ఆడపిల్లలు ముందుకొస్తారు. ఆ దేవత వాళ్లకు తన అసలు పేరు చెప్పదు, వేరే పేరేదో కల్పించి చెబుతుంది.

ఆమె కోపానికి ఆ ఏడు విత్తనం మొలవదు. దేవతలు దిగొచ్చి పిల్లను తిరిగి పంపుతారు గాని, పాతాళంలో దానిమ్మ గింజ తిన్న పాపానికి ఏటా మూడో వంతు కాలం ఆమె కిందే ఉండాలి. ఆమె పైకి వస్తే నేల పూస్తుంది.

“మన చేలల్లో ఆ పిల్ల పైనుండేది మూడు నెలలే” అంది అమ్మ. వానకు కందో సజ్జో వేసుకుని, తర్వాత ఆకాశం కేసి చూసుకునే నేల. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు వస్తాయని ఏళ్ల తరబడి వింటున్న మనిషి ఆమె. కథలో ఆమెకు మింగుడుపడనిది మాత్రం తల్లిని అడక్కపోవడం. “మన నరసింహస్వామి చెంచులక్ష్మిని ఊరికే తెచ్చుకున్నాడా? ఓలి ఇచ్చుకోలా?” పెంచలకోన స్థలపురాణంలో అంతే ఉంది. చెంచు నాయకుడికి కన్యాశుల్కం చెల్లించుకున్నాకే స్వామికి పెళ్లయింది. అది తెలిసి అలిగిన ఆదిలక్ష్మమ్మకు కోనలో గుడి విడిగా ఉంటుంది. పెంచలమ్మ అన్న పేరుకు ఇంత కథ ఉందని అమ్మ వాదన. నాకూ నిజమే అనిపించింది గాని అబ్బాయితో అనలేదు.

మా వైపు పేర్లు కొత్తదనం కోసం పెట్టినవి కావు, మొక్కుకుని పెట్టినవి. మార్కాపురం స్వామి దయతో పుడితే చెన్నకేశవులు. నర్రవాడ అమ్మవారి పేరు పెట్టుకున్న వెంగమ్మలు ఒక్క వీధిలోనే ముగ్గురుంటే, ఇంటిపేరుతోనో అరుగుతోనో వేరుచేసి పిలుస్తారు. దర్గాకు మొక్కుకున్న హిందువుల ఇళ్లలో మస్తానమ్మలున్నారు. బిడ్డలు దక్కని ఇంట పుట్టినదాన్ని పెంట మీద పడుకోబెట్టి, పెంటమ్మ అని పిలిచి మృత్యువు కన్ను మళ్లించారు. ఒకే ఒక్క పేరు కావాలన్న కోరిక మాత్రం బిడ్డలు బతుకుతారన్న నమ్మకం కుదిరాక పుట్టింది. మా తమ్ముడి కొడుకును నేను తప్పుపట్టను. ఆ నమ్మకం కుదిరిన మొదటి తరాల్లో వాడిదీ ఒకటి.

వాడికి తెలియనిది ఇంకోటుంది. గ్రీకు పురాణం మా వైపుకు ఎప్పుడో వచ్చింది. జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు 1866లో ఒంగోలు చేరాడు. ఆయనకు తొలినాళ్లలోనే తోడు నిలిచినవాడు పడమటి పల్లెల మాదిగ పెద్ద ఎర్రగుంట్ల పేరయ్య. చూశారా, ఇక్కడా ‘పే’నే! పెద్ద కరువు వెళ్లిన 1878లో, జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కనిగిరి, కంభం, మార్కాపురం వైపుల్లో చర్చిలు లేచాయి. బైబిలుతో పాటే పేర్లూ వచ్చాయి. ఫీబే పౌలు లేఖలో సంఘానికి సేవ చేసిన స్త్రీ. హీసియడ్ చెప్పే పురాణంలో అదే పేరు అపోలోకు అమ్మమ్మది. యూనీస్ తిమోతికి తల్లి, గ్రీకుల లెక్కన సముద్రుడి కూతుళ్లలో ఒకతె. తలుపు తట్టింది పేతురని గొంతు గుర్తుపట్టి, ఆ సంతోషంలో తలుపు తీయడమే మరిచిన పిల్ల రోడా. గ్రీకు కథల్లో ఆ పేరుగలామె సూర్యుడి పెళ్లాం. ఫీబమ్మా, యూనీసమ్మా అని వాకిట్లోంచి కేకేసే ఊళ్లలో వాటిని ఎవరూ వింత పేర్లనుకోరు. పురాణాన్ని వదిలేసి, చివర అమ్మను తగిలించుకుని, అవి మిరపకాయలు కోయడానికి పోయొస్తున్నాయి.

కాబట్టి పెర్సెఫొనీకి నోరు తిరగదన్న అభ్యంతరం నాకు లేదు. ఇకారంతో ముగిసే ఆడపేరు తెలుగు చెవికి పరాయిది కాదు. భయమంతా ఇంగ్లీషు స్పెల్లింగుతోనే. ఉన్న అక్షరాలు ఉన్నట్టు చదివితే అది ‘పెర్సె ఫోన్’ అవుతుంది. “పర్సూ ఫోనూ రెండూ పేర్లోనే ఉన్నాయే!” అని మా తమ్ముడే మొదట నవ్వాడు, రేపు తరగతిలో పిల్లలు ఊరుకుంటారా? పైగా 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడిలో చేరడం దగ్గర్నుంచి ఓటు దాకా జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో ఒక అక్షరం తప్పు పడితే ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది తండ్రే. జనన నమోదుకు 21 రోజుల గడువు, పేరు చేర్చడానికి మాత్రం రుసుము లేకుండా 12 నెలలు ఇస్తాయి 1969 నాటి చట్టం కింది నియమాలు. ఆ నియమాలు రాసినవాళ్ల ఇంట్లోనూ ఒక జేజి ఉండే ఉంటుంది.

బారసాల 21వ రోజునే చేశారు. పళ్లెంలో బియ్యం పోసి తండ్రి ఉంగరంతో పెర్సెఫొనీ అని రాశాడు. ‘ర్సె’ దగ్గర సకారం వత్తు బియ్యంలో నిలవక రెండుసార్లు చెరిపి రాయాల్సి వచ్చింది. చెవిలో పేరు చెప్పే వంతు అమ్మది. ఏం చెప్పిందో ఎవరికీ వినబడలేదు, అందరికీ తెలుసు.

ఇప్పుడు వాడూ వాడి భార్యా ఫోన్లో పెర్సీ అంటున్నారు. ఇంట్లో పెంచీ అంటున్నారు. పిల్ల రెండింటికీ తల తిప్పుతోంది. పుట్టువెంట్రుకలు పెంచలకోనలో తీయిస్తానని అమ్మ మొక్కుకుంది. దానికి వాడు మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. అర్చన టికెట్టు మీద ఏ పేరు రాయించాలన్న దగ్గరే ఇద్దరికీ ఇంకా రాజీ కుదరలేదు.