పెండ్లితోటలో ఆటలు

మా అన్నగారి కుమార్తె వివాహము గత వైశాఖమున కోరుట్ల చేరువ నొక మామిడితోటలో జరిగినది. వరునివారిది సిరిసిల్ల. నేను జగిత్యాలలో బడిపంతులను. పెండ్లి యేర్పాట్లు చేయువా రొకరు వచ్చి, తోటలో ప్లాస్టికు పచ్చిక పరచి, పెద్ద పట్టణముల పెండ్లిండ్లలో వలె అతిథులు ఆడుకొనుటకు ఆటవస్తువులు అద్దెకు తెత్తుమనిరి. వారు చెప్పిన మొత్తము విని అన్నగారు నా వైపు చూచిరి. దుబాయిలో పదునాలుగేండ్లు ఎండలో నిలిచి కూడబెట్టినది అప్పటికే కరగుచుండెను. "ఆటలకు గూడ అద్దెయా?" యని నేననిన మాట నా మెడకే చుట్టుకొన్నది. ఆటల భారము నాకే అప్పగించిరి.

పెండ్లిలో ఆటలు మనకు క్రొత్తవి కావు. పూలబంతులాటయు, బిందెలోని ఉంగరము తీయుటయు నేటికిని ఉన్నవి. వధూవరులు పసిబిడ్డలైన కాలమున, ముఖమెరుగని ఇరువురి బెరుకు తీర్చుటకు ఇవి పనికివచ్చి యుండునని నాకు తోచును. 1929లో చేయబడిన శారదా చట్టము 1930 ఏప్రిల్ 1 నుండి బ్రిటిషు ఇండియాలో అమలులోనికి వచ్చినప్పుడు బాలికలకు 14, బాలురకు 18 ఏండ్లు కనీస వయస్సుగా నిర్ణయింపబడెను. నేడది 18, 21. మా పిల్ల ఎమ్మెస్సీ చదివి ఉద్యోగము చేయుచున్నది. వరుని చేతినుండి ఉంగరము లాగుకొనుటకు ఆమెకు ఎవరి ప్రోత్సాహమును అక్కరలేదు. నేటి పెండ్లిండ్లలో బెరుకుతో కూర్చుండువారు వేరే కలరు. వారిలో మా అక్కయ్య యొకతె.

ఆమె పెండ్లికూతురికి మేనత్త. ఇరువదియారవ యేట భర్తను కోల్పోయినది. వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిరని ఏటేట బడిలో పాఠము చెప్పుదును. మా యింట పసుపు దంచునాడు మాత్రము అక్కయ్య వంటకట్టెల లెక్క చూచు నెపమున పెరటిలో నుండును. ఆమెను రావలదని ఎవరును అనరు. రమ్మనియు ఎవరును అనరు. ఈ రెండవవారిలో నేనును ఉన్నాను.

మొదట సిరిసిల్లకు పోతిని. వియ్యంకులకు మరమగ్గములు కలవు. ఆ ఊర 1935లో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన నిజాము రాష్ట్ర ఆంధ్రమహాసభ నాల్గవ సమావేశము జరిగినది. దాని వెంట మహిళాసభయు జరిగినది. ఆ సంగతి తలచుకొనుచు గంభీరముగా పోయిన నేను, నూలు అయిపోయిన అట్ట శంకువులు రెండు గోనెసంచులనిండ మోసికొని, బస్సులో అందరిచేత తిట్లు తినుచు తిరిగి వచ్చితిని. ఒకదానిపై నొకటి పేర్చి గుడ్డబంతితో కొట్టి పడగొట్టుటకు అవి. మన ఏడుపెంకులాట వంటిదే. కాని తోటగాలికి బంతి తగులకముందే శంకువులు దొర్లిపోయెను. సన్నని కొనలో గుడ్డ కూరి, ఇసుక పోసి, వెడల్పు కొనకు మగ్గపు గుడ్డముక్కలు కుట్టిన పిదప గాని అవి నిలువలేదు. ఆ కుట్టుపనికి మూడు రాత్రులు పట్టినది.

తోటలో ఎండుటాకు లూడ్చి, నీళ్లు చల్లి, సున్నముతో పెద్ద పచ్చీసు గీసితిమి. నాలుగు రెక్కలు, రెక్కకు మూడు వరుసలు, వరుసకు ఎనిమిది గళ్లు. గవ్వలకు మారుగా ఏడు కొబ్బరిచిప్పలు. గంపలో కుదిపి బోర్లించిన చాలును, వెల్లకిలపడినవి లెక్కకు వచ్చును. అక్బరు ఫతేపురు సిక్రీలో రాతి ముంగిట పచ్చీసు పరపించి దాసీలను కాయలుగా నిలిపి ఆడెనని చెప్పుదురు. ఈ యాటయే రూపుమారి ఇంగ్లండులో 1896లో లూడో యను పేర పేటెంటు పొందినది. మా తోటలో కాయలైనవారు దాసీలు కారు. తలలకు రంగుగుడ్డలు కట్టుకొని, చిప్పలు తామే వేసి, గళ్లలో తామే నడచిరి. జగిత్యాలలో వకీలుగా పేరుపడిన మా బావగారు చంపబడి మరల మొదటినుండి బయలుదేరవలసి వచ్చినప్పుడు పిల్లలకు కలిగిన ఆనందము వర్ణింపరానిది.

వామనగుంటలు మాత్రము నాకు చేతకాలేదు. వరుసకు ఏడు చొప్పున రెండు వరుసలు తవ్వితిని. ఒక్క పగటి యెండకే అంచులు నెరియలు విచ్చెను. పెండ్లి ముందటి సాయంకాలము అక్కయ్య అటు వచ్చి చూచి, "ఇవేం గుంటలు తమ్మీ? ఎలుక బొక్కలున్నట్టున్నయి" అనెను. కొంగు నడుమున దోపి కూర్చుండి, పుట్టమన్నును పేడను కలిపి పిసికి, పదునాలుగు గుంటలను అరచేతితో నున్నగా మెత్తెను. చింతగింజలు ఏరి కడిగి ఎండబెట్టినదియు ఆమెయే.

మరునాడు సాయంకాలము అందరికంటె మిన్నగా జనము చేరినది ఆ గుంటలచుట్టునే. వరుని నాయనమ్మ వచ్చి కూర్చుండి గుంటకు నాలుగు గింజలే యనెను. మా యింటివారు అయిదనిరి. ఇంటికొక పద్ధతిగల ఆటకు పుస్తకము లేదు. తీర్పు చెప్పగలది అక్కయ్య యొక్కతెయే. ఆమె చెప్పినట్లు ఒక ఆట నాలుగుతో, ఒక ఆట అయిదుతో సాగెను. ఆడపిల్లలు ఆమె భుజములమీదుగా వంగి, "పెద్దమ్మా, ఇప్పుడు ఏ గుంట తియ్యాలె?" యని అడుగుచుండిరి. పేకముక్కలు జేబులో తెచ్చుకొన్న నలుగురు మగవారు గూడ నిలుచుండి చూచి, ముక్కలు తీయుట మరచిరి.

ఇంతలో మేళము మ్రోగెను. అందరును పందిరివైపు పోయిరి. అక్కయ్య గింజలు కొంగున ముడివైచుకొని బావివైపు నడచెను. పిలువవలెనని ఎన్నిదినములనుండియో అనుకొన్న నేను పది అడుగుల దూరమున నిలిచియు నోరు మెదపలేదు. పిలిచినది నాయనమ్మ. ఆమెయు భర్త లేనిదే. "ఆట సగంల ఇడిసి యాడికి పోతవు బిడ్డా?" యని చేయి పట్టుకొని తీసికొనిపోయి, పందిరిలో ముందువరుసను తన ప్రక్కన కూర్చుండబెట్టెను. ఒకరిద్దరు గొణిగిరి. పురోహితులు తల యెత్తలేదు. అక్షింతలు పంచునప్పుడు పళ్లెము ఆమె ముందర ఒక్కక్షణము ఆగెను; ఆమె పిడికెడు తీసికొనెను.

పందిరి విప్పిన పిదప శంకువులు పిల్లలు పంచుకొనిరి. చింతగింజలు పెండ్లికూతురి వెంట సిరిసిల్లకు పోయినవి. మొన్న అక్కడినుండి ఫోను వచ్చినది. నేను క్షేమము అడుగబోగా, "నువ్వు కాదు, మీ అక్కకియ్యి" అనెను నాయనమ్మ. ఆఖరి గుంటలో ఒకే గింజ మిగిలిన అది ఎవరిదని వారింట తగవు పడినదట.