ఆగి ఉన్న కబురు

మా నాన్నగారిది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. ఈ పత్రిక చదివే మీకు ఆ ఒక్క మాట చాలు, మిగతాది మీకూ తెలిసిందే. అక్కాతమ్ముళ్లం మేమిద్దరం ఇప్పటికి నాలుగు ఊళ్లు చూశాం. నాలుగోది పుదుచ్చేరి దగ్గరి బాహూరు.

బాహూరు అంటే ముందు చెరువే. పుదుచ్చేరిలో ఊసుడు చెరువు తరువాత ఇదే పెద్దది. దక్షిణ పెన్నా నది నుంచి దీనికి నీళ్లు తెచ్చే కాలువను అక్కడివాళ్లు బంగారు వాయ్‌క్కాల్ అంటారు. తమిళ ఊళ్లో 'బంగారు' అన్న మన మాట వినబడేసరికి మాకు భలే సంబరమైంది. ఆ రోజే ఒక పని మొదలుపెట్టాం. పక్కింటి పాట్టి నోట విన్న తమిళ మాటలూ, వాటికి తెలుగు మాటలూ రాసి పెట్టుకోవడం. ఏరి అంటే చెరువు, మదగు అంటే తూము, ఇలా. ప్రతి బదిలీలోనూ నోటుపుస్తకాలు ఎక్కడో పోతాయి కనుక, లినక్స్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో పైథాన్‌తో చిన్న ప్రోగ్రాం రాశాం.

కొత్త మాట చేర్చినప్పుడల్లా అది ఫైలు మొత్తం ఖాళీ చేసి మొదటి నుంచీ రాసేది. పైగా సోకు కోసం ఒక్కో మాట దగ్గర కాస్త ఆగి తెరమీద చూపించేలా పెట్టాం. ఒకరోజు పొద్దున స్కూలు బస్సు హారన్ వినబడగానే మాలో చిన్నవాడు కంట్రోల్-సి నొక్కేశాడు. సాయంత్రం తెరిచి చూస్తే సగం మాటలు లేవు. పాట్టి అప్పటికే కూతురి దగ్గరికి వెళ్లిపోయింది, మళ్లీ అడుగుదామంటే లేదు. రెండు రోజులు ఇద్దరం మాట్లాడుకోలేదు.

రాజీ కుదిరాక కారణం వెతికాం. కంట్రోల్-సి నొక్కితే ప్రోగ్రాంకు సిగ్‌ఇంట్ అనే సిగ్నల్ వెళ్తుంది. ఫైలు రాసేముందు దాన్ని బ్లాక్ చేసి, రాయడం అయ్యాక వదలొచ్చు. పైథాన్ సిగ్నల్ మాడ్యూల్‌లో అందుకు పిథ్రెడ్-సిగ్‌మాస్క్ అనే ఫంక్షన్ ఉంది. బ్లాక్ చేయడమంటే పట్టించుకోకపోవడం కాదు. పట్టించుకోకపోతే ఆ సిగ్నల్ పోయినట్టే. బ్లాక్ చేస్తే గుమ్మం బయట నిలబడి ఉంటుంది, తలుపు తీయగానే లోపలికొస్తుంది.

చెరువు తూములాంటిదే కదా అనుకున్నాం. ఫైలు రాస్తుండగా అయిదుసార్లు కంట్రోల్-సి నొక్కి చూశాం. వదిలాక ఒక్కటే వచ్చింది. తూము మూస్తే నీళ్లు పోగవుతాయి గానీ మామూలు సిగ్నల్స్ పోగవవు. ఎన్నిసార్లు వచ్చినా 'వచ్చింది' అన్న గుర్తు ఒక్కటే మిగులుతుంది.

కొన్నాళ్లకు ఇంకో తిప్పలు. ఒక మాటకు అర్థం ఖాళీగా వదిలేస్తే మధ్యలో ఎర్రర్ వచ్చి, సిగ్నల్‌ను వదిలే వరుస దాకా పోకుండానే ప్రోగ్రాం మళ్లీ మెనూకి వెళ్లిపోయింది. ఇక కంట్రోల్-సి ఎంత నొక్కినా కదలదే! ప్రాక్ ఫోల్డర్‌లో ఆ ప్రాసెస్ స్టేటస్ ఫైలు తెరిస్తే, బ్లాక్ అయిన సిగ్నల్స్ వరుస చివర 2 కనిపించింది. సిగ్‌ఇంట్ నంబరు కూడా 2 కనుక అదేనేమో అనుకున్నాం. 15వ నంబరు సిగ్‌టర్మ్‌ను ఒక్కదాన్నే బ్లాక్ చేసి చూస్తే 4000 అని ఉంది! అది సిగ్నల్ నంబరు కాదు, ఎన్నో బిట్ వెలిగిందో చెప్పే హెక్సాడెసిమల్ లెక్క. ఇది తేల్చుకోవడానికి మాకు ఒక ఆదివారమంతా పట్టింది.

మొండికేసిన ప్రోగ్రాంను చివరికి కిల్ మైనస్ 9తో ఆపాం. సిగ్‌కిల్‌నూ, సిగ్‌స్టాప్‌నూ బ్లాక్ చేయడం ఏ ప్రోగ్రాం తరమూ కాదు. చెరువు నిండితే అలుగు పారాల్సిందే. తరువాత వదిలే వరుసను 'ఫైనల్లీ'లో పెట్టాం, అదీ అంతకుముందున్న మాస్క్‌నే తిరిగి పెట్టేలా. ఇంతా చేసి, కరెంటు పోతే ఇవేవీ కాపాడవు. అందుకని ఇప్పుడు వేరే ఫైల్లో రాసి, అంతా అయ్యాక పేరు మారుస్తున్నాం.

ఆ ఏడే మాలో పెద్దదానికి పన్నెండో తరగతి బోర్డు పరీక్షలు. ఫోన్ మోగితే నాన్నగారు డాబా మీదికి వెళ్లి మాట్లాడి వచ్చేవారు. అమ్మ ఆ నెల బియ్యం బస్తా తేలేదు, అయిదు కిలోలే తెచ్చింది. మాకు అర్థం కాకపోలేదు. మేమూ అడగలేదు.

ఆఖరి పరీక్ష రాసి వచ్చి అన్నం తిన్నాక నాన్నగారు చెప్పారు. "ఆర్డర్ వచ్చి ఇరవై రోజులైందమ్మా. ఈసారి భోపాల్."

"ఎన్నిసార్లు ఫోన్ చేశారు నాన్నా వాళ్లు?" అన్నాడు మాలో చిన్నవాడు.

"లెక్కపెట్టలేదురా. ఎన్నిసార్లు చేసినా చెప్పేది అదేగా!"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నవ్వొచ్చింది, తరువాత ఏడుపూ వచ్చింది. ఆ రాత్రి ల్యాప్‌టాప్‌ను పెట్టెలో సర్దేముందు ఒక మాట చేర్చాం. ఇడమాట్రం అంటే బదిలీ.